మూత కింద గుడ్డు: ఫ్రెంచి కోకోత్ నుంచి బారిడీహ్ వంటింటి దాకా

జంషెడ్‌పూర్‌లోని మా బారిడీహ్‌లో ఆదివారం పొద్దు రెండు రకాలుగా మొదలవుతుంది. 'ఏ' షిఫ్టు వాళ్లు ఆరింటికల్లా కంపెనీ గేటు దాటి లోపలికి వెళ్లిపోతారు. 'సీ' షిఫ్టు వాళ్లు రాత్రంతా పనిచేసి అదే వేళకి బయటికొస్తారు. ఇంటికి చేరి, స్నానం చేసి, పేపరు తిరగేసి, కాసేపు నడుం వాల్చి లేచేసరికి తొమ్మిదిన్నరో పదో అవుతుంది. అప్పుడు తినేదాన్ని టిఫిన్ అనాలో భోజనం అనాలో మా ఇంట్లో ఎప్పుడూ తేలలేదు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లిషు రచయిత ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్ల పక్షాన ఒక వ్యాసం రాసి, పొద్దుటి తిండినీ మధ్యాహ్నపు తిండినీ కలిపి 'బ్రంచ్' అన్నాడు. మన టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. మూడు షిఫ్టుల బతుకున్న ఊళ్లో ఆ పేరులేని పూట ఎప్పటినుంచో ఉంది.

ఆ పూటకి కొన్నేళ్లుగా నేను చేస్తున్న వంట ఒకటుంది. అరచేతిలో ఇమిడే పింగాణీ కప్పుకి లోపల వెన్న రాసి, చెంచాడు మీగడ వేసి, అందులో గుడ్డు పగలగొట్టి పోసి, వేడినీళ్లున్న పళ్లెంలో నిలబెట్టి ఓవెన్‌లో పెట్టాలి. తెల్లసొన పేరుకుని పచ్చసొన ఇంకా జారుతూ ఉండగా తీసెయ్యాలి. ఫ్రెంచిలో దీని పేరు 'ఓ ఆన్ కోకోత్'. కోకోత్ అంటే మూతతో ఉండే వంటగిన్నె. ఇక్కడ దాని చిట్టి రూపం. గుడ్డు ఒక్కటైతే ఫ్రెంచివాళ్లు 'ఎఫ్' అంటారు, ఒకటికి మించితే చివరి శబ్దం నోట్లోనే ఆగిపోయి 'ఓ' అవుతుంది. వినడానికి పెద్ద హోటల్ వంటలా ఉంటుంది గానీ సరంజామా ఐదు నిమిషాల్లో సిద్ధమవుతుంది. అయినా దీన్ని ఎలా చేయాలన్న దగ్గరికొస్తే పుస్తకానికీ పుస్తకానికీ పొంతన కుదరదు. ఓవెన్ ఎంత వేడి ఉండాలి? నీళ్లు పెట్టాలా వద్దా? మూత ఉండాలా? మీగడ కిందా పైనా? ఉప్పు ఎప్పుడు? అసలు ఓవెనే లేని ఇంట్లో దారేది? ఈ జవాబులన్నీ ఒక్కచోట పెట్టుకుని, మన వంటింట్లో ఏవి నిలుస్తాయో చూద్దామని ఈ ప్రయత్నం.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ఓవెన్‌లో చేసే ఫ్రెంచి గుడ్డు ఒకటి కాదు, రెండు. ఒకటి పైన చెప్పిన కోకోత్. రెండోది 'ఓ సుర్ ల ప్లా', అంటే పళ్లెం మీద గుడ్డు. వెడల్పాటి పల్చటి పళ్లెంలో వెన్న కరిగించి, గుడ్లు పోసి, కాగిన వెన్నని పచ్చసొన మీద చల్లుతూ పైసెగకి చూపిస్తారు. సొన అద్దంలా మెరుస్తుంది. ఇంగ్లిషు వంటపుస్తకాల్లో 'షర్డ్ ఎగ్స్' అని కనిపించేది ఎక్కువగా ఈ పళ్లెం గుడ్డే, కానీ కొందరు కోకోత్‌ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అక్కడినుంచే గందరగోళం పుడుతోంది. పళ్లెం గుడ్డుకి చెప్పిన వేడిని కప్పు గుడ్డుకి పెడితే పైన తోలు కడుతుంది, కింద నీరు నీరుగానే ఉంటుంది. నీళ్లు అక్కర్లేదని రాసినవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది పళ్లెమేనని నా నమ్మకం.

ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే 1903లో వేసిన 'ల గీద్ క్యులినేర్'లో కోకోత్ గుడ్డుని నీళ్లలో ఉడికించే గుడ్డు కిందే లెక్కవేశాడు. పెంకు లేని గుడ్డుని వేడినీళ్లలోకి జారవిడిస్తే అది పోచ్డ్ ఎగ్. అదే గుడ్డుని కప్పులో పోసి, కప్పుని వేడినీళ్లలో పెడితే కోకోత్. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం ప్రశ్నలు తీరిపోతాయి. ఇది పేరుకే ఓవెన్ వంట, గుణంలో ఉడకబెట్టే వంట. 1961లో జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ కలిసి అమెరికా వాళ్ల కోసం రాసిన 'మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్' కూడా ఈ దారిలోనే నడిచింది. మరుగుతున్న నీళ్ల పళ్లెంలో కప్పులు నిలిపి, సుమారు 190 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఏడు నుంచి పది నిమిషాలు. కప్పు కదిపితే గుడ్డు కొద్దిగా వణకాలి, అదీ గుర్తు. గడియారం కన్నా ఆ వణుకుని నమ్మమన్నందుకు నాకు ఆ పుస్తకం మీద గౌరవం.

ఆ తర్వాత వచ్చిన వంటపుస్తకాల్లో ఒకరు 160 డిగ్రీలు అంటారు, ఇంకొకరు 200 అంటారు. ఎనిమిది నిమిషాలు చాలన్నవాళ్లున్నారు, పదిహేను పట్టిందన్నవాళ్లూ ఉన్నారు. వీళ్లలో అబద్ధం చెబుతున్నవాళ్లు లేరు. కప్పు మందం ఎంత, గుడ్డు ఫ్రిజ్‌లోంచి వచ్చిందా బుట్టలోంచి వచ్చిందా, పళ్లెంలో పోసినవి మరిగే నీళ్లా కొళాయి నీళ్లా అన్నవి చెప్పకుండా నిమిషాలు మాత్రం రాస్తే ఆ అంకెకి అర్థం లేదు. గుడ్డు పరిమాణం కూడా చూసుకోవాలి. అమెరికా పుస్తకంలో 'లార్జ్' అంటే పెంకుతో కలిపి సుమారు 57 గ్రాములు. యూరప్‌లో ఎల్ సైజు 63 గ్రాముల దగ్గర మొదలవుతుంది. మన బజారులో అట్టల్లో వచ్చే గుడ్డు 50, 55 గ్రాముల మధ్య తూగుతుంది. వాళ్ల నిమిషాలు యథాతథంగా తీసుకుంటే మన గుడ్డు గట్టిపడిపోవడం ఖాయం.

గుడ్డు లోపల జరిగేది చూస్తే ఎందుకింత సున్నితమో తెలుస్తుంది. తెల్లసొనలో దాదాపు 88 పాళ్లు నీరే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మాంసకృత్తులు, అవి కూడా రకరకాలు. ఓవోట్రాన్స్‌ఫెర్రిన్ అనేది 60 డిగ్రీలు దాటగానే చిక్కబడడం మొదలుపెడుతుంది. పాలు ఎక్కువున్న ఓవాల్బుమిన్ 80 దగ్గరికి వస్తే తప్ప గట్టిపడదు. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి నిలిచిపోతుంది. అంటే తెల్లసొన మెత్తటి జున్నులా పేరుకోవాలి, పచ్చసొన తేనెలా కదలాలి అంటే మన చేతిలో ఉన్నది నాలుగైదు డిగ్రీల సందు. హెరాల్డ్ మెక్‌గీ 1984లో రాసి, 2004లో తిరగరాసిన 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్'లో ఈ లెక్కలన్నీ ఓపిగ్గా వివరించాడు. మన అదృష్టం కొద్దీ కప్పులో అమరిక మనకి సాయం చేస్తుంది. తెల్లసొన గోడలకి ఆనుకుని ఉంటుంది, పచ్చసొన నడిమధ్యన. వేడి ముందు తెలుపుని తాకి, తర్వాతే పసుపుని చేరుతుంది. ఆ వేడి నెమ్మదిగా నడిస్తే రెండింటికీ మధ్య ఎడం దొరుకుతుంది, దూకుడుగా వస్తే అంచున రబ్బరు, నడుమ పచ్చి.

నీళ్ల పళ్లెం చేసేది ఆ దూకుడుని ఆపడమే. ఫ్రెంచివాళ్లు దీన్ని 'బాన్ మరీ' అంటారు. ప్రాచీన ఈజిప్టులో రసవాదం చేసిన మరియా అనే ఆవిడ పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. ఓవెన్ 190 ఉన్నా నీరు 100 దాటదు. పైన తెరిచి ఉంటే ఆవిరైపోతూ వేడిని తనతో పట్టుకుపోతుంది కాబట్టి ఇంకా తక్కువలోనే ఉంటుంది. కప్పు కింద నాలుగు మడతల బట్ట పరిస్తే పళ్లెం అడుగు వేడి కూడా నేరుగా తగలదు. నీళ్లు వద్దనే వాళ్ల వాదన ఒక్కటే: పని ఎక్కువ. అది నిజమే గానీ, ఆ పని మానుకుంటే గుడ్డులో కనిపిస్తుంది. నీళ్లు లేకుండా నాలుగుసార్లు చేసి, నాలుగుసార్లూ అడుగున చెంచా గుచ్చితే సాగే పొర వచ్చాక ఆ వాదన నేను వదిలేశాను.

ఇక అసలు ప్రశ్న. వేడి 100 దాటకూడదన్నప్పుడు ఓవెన్ ఎందుకు?

ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పినవాళ్లున్నారు. జంషెడ్‌పూర్ పుట్టుకలోనే పార్సీలున్నారు. ఊరి పేరే జంషెడ్జీ టాటాది. ఆయన బంధువు ఆర్.డి. టాటా 1902లో సుజాన్ బ్రియే అనే ఫ్రెంచి యువతిని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్‌లో పుట్టాడు, చిన్నప్పుడు మాట్లాడింది ఫ్రెంచే, 1929 దాకా ఫ్రెంచి పౌరుడే. ఆయనే 1938 నుంచి దశాబ్దాల పాటు ఈ కంపెనీని నడిపాడు. ఆ ఇంట్లో పొద్దున్నే గుడ్డు ఎలా వండేవాళ్లన్నది నా విషయం కాదు. కానీ ఫ్రెంచి కోకోత్‌కి పార్సీ వంటింట్లో తోబుట్టువు లాంటి వంట ఒకటుందని మాత్రం గట్టిగా చెప్పగలను. దాని పేరు 'పర్ ఈడు'. గుజరాతీలో 'మీద గుడ్డు' అని. ఉల్లిపాయలు, టమాటాలు మగ్గించి పరిచి, గుంటలు చేసి, గుడ్లు పగలగొట్టి పోసి, మూతపెట్టి సన్నసెగ మీద వదిలేస్తే టమాటా పర్ ఈడు. బెండకాయల మీద పోస్తే భీడా పర్ ఈడు, సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప మీద పోస్తే సల్లీ పర్ ఈడు. కూర తడి ఆవిరై, మూతకి తగిలి, తిరిగి గుడ్డు మీదికి దిగుతుంది. కింది నుంచి కూర వేడి, పైనుంచి ఆవిరి. ఓవెన్ పేరెత్తకుండా ఓవెన్ పని జరిగిపోతుంది.

ఈ కుటుంబం పెద్దది. ట్యునీసియా షక్షూకా, స్పెయిన్‌లో సెవిల్ వైపు మట్టిపళ్లెంలో చేసే 'వేవోస్ ఆ లా ఫ్లామెంకా', ఇటలీ దక్షిణాన టమాటా రసంలో పోసే 'ఉవోవా ఇన్ పుర్గతోరియో', అన్నీ కూర పరుపు మీద గుడ్డే. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారన్న తగవులోకి నేను పోను. గుడ్డు, గిన్నె, మూత ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరికి తట్టే ఆలోచన ఇది.

మాకూ తట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కంపెనీ పనికని వచ్చి కదమాలో, బిష్టుపూర్‌లో, ఇక్కడ బారిడీహ్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో గుడ్డు పులుసు రెండు విధాలుగా కాచేవాళ్లు. ఉడకబెట్టి, పెంకు వలిచి, గాట్లు పెట్టి వేసేది చుట్టాలొచ్చినప్పుడు. ఉల్లిపాయ పులుసు చిక్కబడ్డాక అందులోకే గుడ్లు పగలగొట్టి పోసేది మామూలు రోజుల్లో. ఆ రెండోది చేస్తున్నప్పుడు అమ్మ పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. నేను గరిటె ముట్టుకోబోతే, "ఒరే, గరిటె పెట్టకు. మూత పెట్టి అవతలికి పో" అనేది. గరిటె తగిలితే సొన చితికి పులుసంతా తరకలు కట్టేస్తుంది, అప్పుడది పొరటూ కాదు పులుసూ కాదు. మూతపెట్టి వదిలేస్తే గుడ్డు గుడ్డుగా పేరుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఫ్రెంచి వంటపుస్తకం తెరిచి కోకోత్ విధానం చదువుతుంటే నాకు వినబడింది అమ్మ గొంతే. ఆ తరంలో గ్యాసు పొయ్యి కూడా లేదు, బొగ్గుల పొయ్యే. దిబ్బరొట్టి మూకుడు మీద మూతపెట్టి, ఆ మూత మీద నాలుగు నిప్పులు వేస్తే పైనా కిందా సమంగా కాలేది. ఫ్రెంచిలో 'బ్రేజ్' అన్న మాటకి అర్థం కూడా నిప్పులే. మూత మీద నిప్పులు పెట్టి వండడం నుంచే అక్కడ ఒక వంట పద్ధతికి ఆ పేరొచ్చింది.

కాబట్టి పొయ్యి మీద కోకోత్ చేయడం రాజీ పడడం కాదని నా అభిప్రాయం. ఎస్కోఫియే లెక్క ప్రకారం చూసినా అది ఆ వంట స్వభావానికి దగ్గరే. నేను చేసే తీరు ఇది. వెడల్పాటి గిన్నెలో అడుగున మడతపెట్టిన బట్ట, కప్పుల సగం ఎత్తు దాకా వచ్చేటట్టు వేడినీళ్లు, సన్నసెగ. నీళ్లు కుతకుతలాడకూడదు, అంచుల వెంట చిన్న బుడగలు లేస్తే చాలు. కప్పులు పెట్టి మూత వేయాలి. ఇడ్లీపాత్ర ఉంటే రేకులు తీసేసి అదే వాడుకోవచ్చు. కుక్కరైతే వెయిట్ పెట్టకూడదు.

ఇక్కడ పుస్తకాల్లో దొరకని ఇబ్బంది ఒకటుంది. మూత లోపల ఆవిరి చుక్కలు కట్టి గుడ్డు మీద పడతాయి. మూడు కప్పుల్లో రెండు బాగుండి మూడోదాంట్లో నీళ్లు తేలుతుంటే కారణం అదే. అమ్మ ఆవిరి కుడుములకి చేసినట్టు మూతకి లోపలివైపు పల్చటి నూలుబట్ట చుట్టి, కొసలు పైన ముడేస్తే చుక్క పడదు. కొసలు మంటవైపు వేలాడకుండా చూసుకోవాలి. మూతపెట్టి చేసిన గుడ్డుకి పచ్చసొన మీద తెల్లటి పొర వస్తుంది, సొన అద్దంలా మెరవదు. ఆ మెరుపే కావాలనుకుంటే మూత తీసి చేయాలి, కానీ అప్పుడు పైనున్న తెలుపు పచ్చిగా మిగులుతుంది. నాకు ఆ తెల్లటి పొరే ఇష్టం. చెంచా తగలగానే దాని కిందనుంచి పసుపు పైకి వస్తుంది.

కప్పు దేనితో చేసిందన్నది ఎంత తేడా తెస్తుందో చేసి చూస్తే గానీ నమ్మలేం. ఉక్కు ఊరు కనుక మా ఇంట్లో మొదట వాడినవి స్టీలు గిన్నెలే. పల్చటి స్టీలు వేడిని ఆలస్యం లేకుండా లోపలికి పంపేస్తుంది. మందపాటి పింగాణీ తను ముందు తాగి, తర్వాత మెల్లగా ఇస్తుంది. ఒకే గిన్నెలో పక్కపక్కన పెట్టి చూశాను. స్టీలులో ఐదు నిమిషాలకే తెలుపు అంచు విడిచింది, పింగాణీకి ఎనిమిది పట్టింది. పొయ్యి మీంచి దించాక కథ తిరగబడింది. స్టీలు గిన్నె త్వరగా చల్లారింది, గుడ్డు అక్కడే ఆగింది. పింగాణీ కప్పు బల్ల మీద కూడా వండుతూనే ఉంది; ఫొటో తీసుకుంటూ కూర్చుంటే జారే సొన ముద్దయింది. అందుకని పింగాణీలో చేసేవాళ్లు ఇంకా కాస్త పచ్చిగా ఉందనిపించగానే దించాలి, స్టీలులో చేసేవాళ్లు సరిగ్గా అయ్యాకే దించాలి. టీకొట్టు మట్టికప్పు కుల్హడ్‌లో కూడా చేశాను. నీళ్లలో నానబెట్టి, ఆరనిచ్చి, వెన్న రాసి, నీళ్లలో కాకుండా ఆవిరి మీద పెట్టాను. మట్టివాసన గుడ్డుకి పట్టి చాలా బాగుంది. కానీ మూడింట్లో ఒకటి పగిలింది. రంగు వేసిన మట్టిపాత్రలు మాత్రం వద్దు.

రుతువు కూడా లెక్కలోకి రావాలి. జనవరిలో మా వంటింట్లో బుట్టలోని గుడ్డు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, పన్నెండు డిగ్రీలుంటుందేమో. మే నెలలో అదే బుట్టలో గుడ్డు 38 దగ్గర ఉంటుంది. చేరవలసినది 65 అయినప్పుడు ఒకటి సగం దూరం ముందే నడిచేసింది. చలికాలం ఎనిమిది నిమిషాలు పట్టే కప్పు ఎండాకాలం ఆరుకే అయిపోతుంది.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లు కింది రాడ్ ఒక్కటే వేసి, కప్పుల మీద అల్యూమినియం రేకు కప్పితే మంచిది. పై రాడ్ సెగకి సొన మీద తొక్క కడుతుంది. ఎయిర్ ఫ్రయర్ గాలి ఇంకా ఎండగడుతుంది, అందులోనూ రేకు తప్పదు. మైక్రోవేవ్ వద్దు. పచ్చసొన పొర లోపల ఆవిరి పట్టి పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీశాక చెంచా తగిలినప్పుడు పేలుతుంది.

గుడ్డు సంగతి. గోదావరి జిల్లాల ఫారాల నుంచి గుడ్లు లారీల్లో తూర్పు రాష్ట్రాలకి, ఈశాన్యానికి వెళ్లడం దశాబ్దాలుగా జరుగుతున్న వ్యాపారం. తెలుగువాడైన డాక్టర్ బి.వి. రావు చొరవతో 1982లో పౌల్ట్రీ రైతులు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ పెట్టుకున్నాక ఊరూరి గుడ్డు ధర రోజూ రైతుల తరఫున ప్రకటించడం మొదలైంది. మనిషికి ముందే గుడ్డు ఊరు దాటుతుందని నవ్వుతూ అనేవారు నాన్న. అంత దూరం వచ్చిన గుడ్డు ఎంత లేదన్నా కొన్ని రోజుల పాతది. పాతబడే కొద్దీ తెల్లసొన పల్చబడి పరుచుకుపోతుంది. నీళ్లలోకి నేరుగా జారవిడిచే పోచ్డ్ ఎగ్‌కి ఇది పనికిరాదు, తరకలు తరకలుగా విడిపోతుంది. కోకోత్‌లో కప్పు గోడలు దాన్ని పట్టి ఉంచుతాయి. పొలం పక్కన బతకని మనలాంటి వాళ్లకి పోచ్డ్ ఎగ్ కన్నా కోకోత్ మేలైన వంటని చెప్పడానికి ఇదొక్క కారణం చాలు. నీళ్లలో వేస్తే అడుగున పడుకునే గుడ్డు తాజాది, నిలబడేది పాతది, తేలేది పారేయాలి. పెంకు చిట్లినది ఈ వంటకి అసలు వాడకూడదు.

మీగడ విషయంలో రెండు పక్షాలున్నాయి. కింద వేయమన్నవాళ్లు అడుగు గట్టిపడకుండా అది పరుపులా కాస్తుందంటారు. పైన వేయమన్నవాళ్లు సొన ఎండిపోదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నేను చెంచాడు కింద, అరచెంచా తెల్లసొన మీద మాత్రం వేస్తాను. ఫ్రెంచి చిక్కటి క్రీములో వెన్నశాతం 30కి పైనే ఉంటుంది. ఇక్కడ దొరికే అమూల్ డబ్బా క్రీములో 25. గేదెపాలు కాచి తీసిన ఇంటి మీగడ రుచిలో రెండింటినీ మించుతుంది, కానీ గడ్డలుగా ఉంటుంది. రెండు చెంచాల పాలు కలిపి గిలకొట్టి వేయాలి. నిన్నటి మీగడే వాడండి. వారం రోజులు దాచి పులిసినది వేడికి విరిగి నెయ్యి తేలుతుంది. అడుగున గోంగూరో టమాటాయో ఉంటే మీగడ మానేసి నెయ్యి వేయడం మేలు, పులుపుకి మీగడ నిలవదు.

ఉప్పు పచ్చసొన మీద చల్లితే ఉడికాక తెల్లచుక్కలు పడతాయి. కప్పు అడుగున, మీగడలో వేయాలి. మిరియాలపొడి దించాక.

అడుగున వేసే కూర గురించి ఫ్రెంచి పుస్తకాలు పాలకూర, పుట్టగొడుగులు, మాంసం రసం అంటాయి. నియమం ఒక్కటే: అది ముందే ఉడికి, నీరంతా ఇంకి ఉండాలి. నీళ్లున్న కూర మీద గుడ్డు పేరుకోదు. మన తోటకూర వేపుడు దీనికి చక్కగా కుదురుతుంది. ఎండురొయ్యలు దంచి ఉల్లిపాయతో వేయించి పరిస్తే అది ఉత్తరాంధ్ర కోకోత్ అవుతుంది, ఉప్పు మానేయాలి. ఇక్కడి ఆదివాసీ ఇళ్లలో వండే కోయినార్ సాగ్ అనే ఆకుకూర కూడా బాగుంటుంది. కానీ వీటన్నిటికన్నా మించినది వానాకాలంలో వస్తుంది. తొలివానలు పడ్డాక సాల్ చెట్ల కింద మట్టిలో రుగ్డా అనే పుట్టగొడుగు పుడుతుంది. గ్రామాల నుంచి ఆడవాళ్లు ఏరి తెచ్చి రోడ్డు పక్కన చిన్న చిన్న కుప్పలుగా పోసి అమ్ముతారు. పిట్టగుడ్డంత ఉంటుంది, తెల్లగా గుండ్రంగా, మట్టి అంటుకుని. కోస్తే లోపల పచ్చసొన ఉండాల్సిన చోట ముదురురంగు గుజ్జు. పంటి కింద పొర టక్కున తెగుతుంది, లోపలిది వెన్నలా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు భూమిలోంచి తవ్విన ట్రఫుల్‌ని గుడ్డుతో కలిపి తినడాన్ని గొప్పగా చెప్పుకుంటారు. మనకీ ఆ జోడీ ఉంది. ఆరేడు సార్లు నీళ్లు మార్చి కడిగి, రెండుగా కోసి, ఉల్లిపాయ, వెల్లుల్లితో బాగా మగ్గించి, కప్పు అడుగున పరిచి గుడ్డు పోయండి. నేను తిన్న కోకోత్‌లలో దీనికి సాటి రాలేదు.

చివరికి మిగిలేది జారే సొన. తెలుగు ఇళ్లలో ఈ వంట ఆగిపోయేది ఇక్కడే. మొదటిసారి చేసి పెట్టినప్పుడు అమ్మ చెంచాతో కదిపి చూసి, "సొన కారుతోంది కదరా, నీచు కొట్టదూ?" అంది. ఆమె అడిగినదాంట్లో న్యాయముంది. నీచువాసనకి మిరియాలు, కరివేపాకు నెయ్యి విరుగుడు. భద్రత సంగతి వేరు. గుడ్డు వంటకం లోపల 71 డిగ్రీలకి చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, సాల్మొనెల్లా భయంతో. జారే సొన ఆ వేడికి చేరదు. గర్భిణులకి, పసిపిల్లలకి, పెద్ద వయసువాళ్లకి, జబ్బుపడి లేచినవాళ్లకి సొన పూర్తిగా గట్టిపడ్డాకే పెట్టాలి. నీళ్ల పళ్లెంలో నెమ్మదిగా గట్టిపడ్డ సొన ఉడకబెట్టిన గుడ్డు సొనలా పొడిపొడిగా ఉండదు, మెత్తటి పాలకోవాలా ఉంటుంది. అమ్మకి ఇంకో ఐదు నిమిషాలు ఉంచి ఇచ్చాను. మిరియాలు చల్లుకుని కప్పు ఖాళీ చేసింది. జారే సొనే ఫ్రెంచి పద్ధతి, గట్టిపడితే చెడినట్టే అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను.

ముంచుకోవడానికి ఫ్రెంచివాళ్లు రొట్టెని వేలెడు ముక్కలుగా కోసి వెన్న రాస్తారు. మా ఇంట్లో మినపరొట్టి అంచు కరకరలాడే ముక్కలు. చపాతీ నిలబడదు, మెత్తబడిపోతుంది. ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. పింగాణీ కప్పు పొయ్యి దిగాక కూడా రెండు నిమిషాలు వండుతూనే ఉంటుంది. తినేవాళ్లని ముందు కూర్చోబెట్టి, రొట్టి పళ్లెంలో పెట్టి, ఆ తర్వాతే మూత తీయండి.